మా అక్కకు పడని రొట్టె

మా అక్కను సమాధి చేసిన రోజు వచ్చిన జనాన్ని చూసి నాకు కుళ్ళు పుట్టింది. నేను పోతే ఇంతమంది వస్తారా అని ఏడుస్తూనే లెక్క వేసుకున్నాను. గిద్దలూరు నుంచి మూడు ఆటోలు, కొమరోలు వైపు నుంచి ఒక ట్రాక్టరు నిండా, పొదిలిలో ఉండే ఆమె కూతురి అత్తగారి వాళ్ళు. చివరికి గిద్దలూరులో మేము సరుకులు తెచ్చుకునే దుకాణం భాయ్ కూడా షట్టరు దించి వచ్చి, టోపీ చేత్తో సరిచేసుకుంటూ వెనక నిలబడ్డాడు. ముందు రోజు ఉదయం తలనొప్పి అని పడుకున్న మనిషి, ఒంగోలు చేరేలోపే పోయింది. వచ్చినవాళ్ళలో సగం మంది కడుపు జబ్బుతోనేనా అని నన్నే అడిగారు. కాదు, దానితో కాదు అని ఎంతమందికి చెప్పానో.

అక్క అంటే తోడబుట్టింది కాదు. మా బావగారి భార్య, నాకు తోడికోడలు. ఆ ఇంటికి నాకంటే ఆరేళ్ళు ముందు వచ్చింది. ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే మా సంఘంలో వాళ్ళు చదివి, పోయినామె గురించి ఇట్లనా రాసేది అంటారు. మెచ్చుకోవాల్సినవాళ్ళు సమాధి దగ్గరే మెచ్చుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు ఏడుగురు సాక్ష్యం చెప్పారు, అందులో పాస్టరయ్యగారు ఒక్కరే ముప్పావు గంట తీసుకున్నారు. నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. నేను గొంతు రాదని తల ఊపాను. నాకు గొంతు రాకపోవడమా! అంగన్‌వాడీలో ఇరవై మంది పిల్లల మీద రోజూ అరిచే గొంతు నాది. మెచ్చుకోవడం ఒక్కటే రాలేదు.

సన్నగా, పొడుగ్గా ఉండేది. నడుస్తున్నా నిలబడినా కుడి అరచేయి పొట్ట మీద ఉండేది. అది నొప్పి వల్ల వచ్చిన అలవాటే గాని, చూసేవాళ్ళకు ఏదో హుందాతనంలా కనిపించేది. నేను కూడా అద్దం ముందు అట్లా చేయి పెట్టుకొని చూసుకున్నాను. నేను పెడితే అజీర్తి చేసిన మనిషిలా ఉన్నాను.

ఆమె ఎక్కడికి పోయినా చేతిలో ఒక గుడ్డ సంచీ, సంచీలో స్టీలు డబ్బా ఉండేవి. పెళ్ళికి పోయినా అంతే. బంతిలో అందరితో పాటు కూర్చొని, విస్తరి వేయించుకొని, వడ్డించేవాళ్ళు వచ్చేసరికి డబ్బా తీసేది. అందులో కొర్రన్నమో, సజ్జరొట్టో, పప్పో ఉండేది. ఇక చూడండి. పెళ్ళివాళ్ళు పరుగెత్తుకొని వచ్చేవాళ్ళు. ఏమమ్మా మా తిండి పనికిరాదా అని ఒకరు, ఒట్టి అన్నమన్నా తినమ్మా అని ఒకరు, నీకు వేరుగా కోడికూర వండించనా అని పెళ్ళికొడుకు తండ్రి. ఆమె నవ్వుతూ, 'నాకు పడదు నాయనా, ఏమీ అనుకోవద్దు' అనేది. పెళ్ళికూతురు ఏ చీర కట్టిందో మరిచిపోయేవాళ్ళు గాని, మా అక్క డబ్బాలో ఏముందో మరిచిపోయేవాళ్ళు కాదు. నేను పక్కనే కూర్చొని పూరీ, సాంబారన్నం, జిలేబీ తింటూ ఉండేదాన్ని. నేనేం తిన్నానని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

ఆమె జబ్బు ఎప్పుడు మొదలైందో ఇప్పుడు వెనక్కి చూస్తే తెలుస్తుంది. మా ఇళ్ళల్లో అంతకుముందు గోధుమ లేదు. సజ్జ, జొన్న, కొర్ర, ఆ తర్వాత కోటా బియ్యం, అంతే. మా అత్తకు షుగరని తేలిన రోజు నుంచి సాయంత్రమైతే ఇంటిల్లిపాదికీ చపాతీలు మొదలయ్యాయి. పొద్దున ఉప్మా, టీలోకి బిస్కెట్లు. అక్కకు కడుపుబ్బరం, వాంతులు, విరేచనాలు, నోట్లో పుండ్లు, లేచి నిలబడితే కళ్ళు తిరగడం అన్నీ ఆ ఏడాదిలోనే వచ్చాయి. ఊళ్ళో సూది వేసే ఆయన గ్యాసు అన్నాడు. మార్కాపురంలో నులిపురుగులన్నారు. రైలెక్కి నంద్యాల పోతే స్కానింగు తీసి అంతా బాగుందన్నారు. అక్కడే ఒక డాక్టరు, మనసులో ఏదన్నా బాధ ఉందా అమ్మా అని అడిగాడట. ఉంటే మాత్రం రోజుకు ఏడుసార్లు బయటికి పోతారా సారూ అని ఈమె తిరిగి అడిగి వచ్చింది. పడుకున్నప్పుడల్లా చూడ్డానికి వచ్చినవాళ్ళు జబ్బుమనిషి కదా అని బ్రెడ్డు ప్యాకెట్టు తెచ్చేవాళ్ళు. మా అత్త దాన్ని పాలలో ముంచి తినిపించేది. మేమంతా కలిసి ప్రేమగా ఆమెను పడుకోబెట్టాం.

చివరికి ఒంగోలులో ఒక చిన్నవయసు డాక్టరమ్మ నెలరోజులు గోధుమ మానేసి చూడమంది. ఇరవై రోజులు తిరిగేసరికి అక్క మొహంలో రంగు మారింది. నాకంటే పెద్దది, నాకంటే చిన్నదానిలా కనిపించడం మొదలుపెట్టింది. అప్పుడు పరీక్ష చేస్తే రక్తంలో ఏమీ లేదని వచ్చింది. మానేశాక చేస్తే పరీక్షలో పట్టుబడకపోవచ్చు, మళ్ళీ ఆరు వారాలు రోజూ గోధుమ తిని రా, రక్తం చూసి, కడుపులోకి గొట్టం వేసి తేలుద్దాం అందట డాక్టరమ్మ. అక్క నిజంగానే తినడం మొదలుపెట్టింది. తొమ్మిదో రోజు మిరప చేలో కూలబడితే బావ, మా ఆయన చెరోవైపు పట్టుకొని తెచ్చారు. ఆ తర్వాత ఆ పరీక్ష ఊసు ఎత్తలేదు. పేరు తెలుసుకోవడం కోసం చావాలా అంది.

అట్లా ఆ జబ్బు పేరు లేకుండా ఉండిపోయింది. ఏం జబ్బమ్మా అని ఎవరన్నా అడిగితే, 'ఇంకా పేరు పెట్టలేదు' అనేది, పుట్టిన బిడ్డ సంగతి చెప్పినట్టు. అందరూ నవ్వేవాళ్ళు. ఆ మాటకు కూడా నాకు కుళ్ళే. నాకు షుగరు. దానికి పేరుంది, చీటీ ఉంది, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి మాత్రలున్నాయి. ఏం లాభం? మా వీధిలో ఇంటికొకరికి ఉంది. నాకు షుగరమ్మా అంటే అవతలివాళ్ళు నాకు నీకంటే ఎక్కువ అంటారు. పేరు లేని జబ్బుకున్న మర్యాద పేరున్న జబ్బుకు లేదు.

మా అత్త సంగతి చెప్పాలి. నా కాన్పుకు వేడినీళ్ళు పెట్టడానికి మోకాళ్ళు నొప్పులన్న మనిషి, అక్క కోసం పొద్దున్నే కూర్చొని సజ్జపిండి పిసికి చేత్తో తట్టి రొట్టెలు కాల్చేది. ఆ పెనం మీద చపాతీ పడకూడదని దాన్ని వేరే మేకుకు తగిలించింది. ఒకసారి తెలియక నేను దాని మీద చపాతీ వేశాను. తెలియక అని రాశాను గాని, తెలుసు. మా అత్త ఆ పెనాన్ని బూడిదతో మూడుసార్లు తోమింది. నన్ను తిట్టనుకూడా లేదు. తిట్టి ఉంటే కాస్త బాగుండేది.

ఇంకో సంగతి. ఆమె అయిదో తరగతి, నేను ఇంటరు. ఇంగ్లీషులో గోధుమ, మైదా అనే మాటలు ఎట్లా ఉంటాయో ఒక కాగితం మీద రాసిమ్మని నన్నడిగింది. రాసిచ్చాను. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి పర్సులో దాచుకుంది. దుకాణంలో ప్రతి ప్యాకెట్టూ తిప్పి, కాగితం పక్కన పెట్టి, ఒక్కొక్క అక్షరం వేలుతో పోల్చుకునేది. కళ్ళద్దాలు ముక్కు చివరకు జారేవి. ఇంగువ డబ్బాలో కూడా గోధుమపిండి కలుస్తుందని అట్లానే కనిపెట్టింది. సాంబారులో గోధుమ ఏందక్కా అని నేను నలుగురిలో నవ్వాను. భాయ్ తన కళ్ళద్దాలు పెట్టుకొని చదివి, అక్క చెప్పింది నిజమేనమ్మా అన్నాడు. అప్పటి నుంచి ఆమెకు దుకాణంలో స్టూలు వేసేవాడు. 'ఏమక్కా, ఈ పొద్దు మా దుకాణం పాసా ఫెయిలా' అని అడిగేవాడు. ఆ అక్షరాలు రాసిచ్చింది నేను. సంచులు మోసుకుంటూ నిలబడింది కూడా నేనే.

ఆమెకు పడనివన్నీ నాకే వచ్చేవి. ఎవరింటికి పోయినా చేతికిచ్చిన ప్లేటును ఒకసారి వాసన చూసి, మాట్లాడుతూ మాట్లాడుతూనే నా ఒళ్ళోకి జరిపేది. క్రిస్మస్ కేకు ఆమె వాటా, సేమియా పాయసం ఆమె వాటా, గిద్దలూరు బస్టాండులో బావ ఆమెకని మరిచిపోయి తెచ్చిన మైసూరు బోండాలు, అన్నీ నేనే తిన్నాను. నా షుగరులో సగం ఆమెదే. తింటుంటే పక్కన కూర్చొని, ఎట్లుంది, లోపల మెత్తగా ఉందా, నెయ్యి వేశారా అని అడిగేది. నేను వర్ణించి చెప్పాల్సి వచ్చేది. ఇది కూడా నా పనేనా అని విసుక్కునేదాన్ని.

ఒకసారి నేను కూడా గోధుమ మానేశాను. నాకూ పడటం లేదు, కడుపు ఉబ్బుతోంది అని సోమవారం పొద్దున ప్రకటించాను. మా ఆయన మార్కాపురం పలకల పనికి పోతూ చెప్పులేసుకుంటున్నాడు. ఇంట్లో ఒకరు చాలు అని వెళ్ళిపోయాడు. మా అత్త, అన్నం తింటే షుగరు పెరిగి చస్తావు, చపాతీ తిను అంది. బుధవారం దాకా ఆగాను. ఎవరూ నా కోసం సజ్జపిండి ముట్టలేదు. అక్క మాత్రం తన డబ్బాలోంచి సగం రొట్టె తెచ్చి, నిజంగానే ఉబ్బుతోందా, ఎప్పుడెప్పుడు ఉబ్బుతోంది, తిన్న ఎంతసేపటికి అని డాక్టరులా అడిగింది. తనలాంటిది ఇంకొకటి దొరికిందని ఆమె కళ్ళల్లో ఎంత ఆశో. గురువారం నేను చపాతీ తిన్నాను.

ఇప్పుడు చర్చి సంగతి.

మా సంఘంలో నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. పాస్టరమ్మగారు శనివారం గోధుమపిండితో ఒక రొట్టె కాలుస్తుంది. దాన్ని చిన్న ముక్కలు చేసి పళ్ళెంలో పెడితే వరసల్లో చేతులు మారుతూ వస్తుంది, వెనకే ద్రాక్షారసం వస్తుంది. పళ్ళెం రాకముందు అయ్యగారు, ఎవరికన్నా ఎవరితోనన్నా సరిచేసుకోవాల్సింది ఉంటే లేచి చెప్పండి అంటారు. ఎవరూ లేవరు. లోపల ఏదన్నా పాపమో, తగాదానో ఉన్నవాళ్ళు పళ్ళెం ముట్టకుండా పక్కవాళ్ళకు అందిస్తారు. అందిస్తే ఇక అయిపోయింది. మధ్యాహ్నానికి ఊరంతా దాన్ని గురించే మాట్లాడుకుంటుంది.

ఒక శనివారం సాయంత్రం చర్చి కడగడం మా ఇద్దరి వంతు. అక్క తడిగుడ్డతో గచ్చు తుడుస్తూ ఆగి, మొదటి ఆదివారం తర్వాత బుధవారం దాకా ఎందుకు లేవలేకపోతున్నానో నాకు ఇప్పుడు తెలిసిందమ్మా, ఆ రొట్టెముక్కే అంది. ఒంగోలు డాక్టరమ్మ గోరంత కూడా వద్దని గట్టిగా చెప్పిందట. అయితే అయ్యగారికి చెప్పక్కా అన్నాను నేను.

'ఏమని చెప్పేది? ప్రభువు శరీరం నాకు పడదని చెప్పాల్నా?' అంది. 'ఆ మాట నా నోటితో నేను అనలేనమ్మా. అందుకే నీకు చెప్తన్నా.'

రసం ఒక్కటన్నా తీసుకో అన్నాను. సగం తీసుకొని సగం వదిలేయడానికి అదేమన్నా టీనా అంది. కాసేపు నా మొహంలోకి చూసి, గుడ్డ పిండుకోవడానికి కొళాయి దగ్గరికి పోయింది.

మర్నాడు పళ్ళెం వస్తే ముట్టకుండా నాకు అందించింది. రసమూ అంతే. తర్వాతి నెల కూడా అంతే. అప్పుడు మా సంఘంలో పాటల పుస్తకాలు పంచే పిన్నమ్మ నన్ను గేటు దగ్గర పట్టుకుంది. మీ తోడికోడళ్ళకు మాటల్లేవా, ఆమె బల్ల ఎందుకు వదిలేస్తోంది అని అడిగింది. ఒక్కమాట చాలు. గోధుమ పడదు పిన్నమ్మా, నీకు తెలుసు కదా ఆమె డబ్బా సంగతి అంటే అక్కడితో అయిపోయేది. పిన్నమ్మకు అప్పగించిన మాట సాయంత్రానికి ఊరు తిరిగి వచ్చేది.

నాకు ఆ క్షణం అక్క సంచీ, వేరే పెనం, స్టూలు, పెళ్ళికొడుకు తండ్రి వండిస్తానన్న కోడికూర అన్నీ గుర్తొచ్చాయి. ఇప్పుడు దేవుడి దగ్గర కూడా ఈమెకు వేరుగానా అనిపించింది.

'మా ఇద్దరికీ ఏం లేదు పిన్నమ్మా. నాతో బాగనే ఉంది' అన్నాను. అని ఒక నిట్టూర్పు విడిచాను. ఆ నిట్టూర్పు కావాలనే విడిచాను.

ఆ తర్వాత నేను చేయాల్సిన పని ఏమీ లేకపోయింది. ఆమె నెలకోసారి ఒంగోలు పోయేది డాక్టరు దగ్గరికేనా అన్నారు. పరీక్షలో ఏమీ లేదని వచ్చిందంట కదా, లేని జబ్బుకు అన్నిసార్లు ఎందుకు పోతుంది అన్నారు. ఎనిమిదేళ్ళుగా స్త్రీల సమాజాన్ని నడిపింది అక్క. బల్ల తీసుకోని మనిషి ముందు నిలబడి ప్రార్థన ఎట్లా చేయిస్తుందని జనవరిలో ఎవరో లేవదీశారు. అయ్యగారు ఇబ్బందిపడుతూ ఆ బాధ్యత నాకు అప్పగించారు. అక్కే కూడికలో ముందు ఎవరితో పాట ఎత్తించాలో, ఎవరి చేతికి మైకు ఇస్తే గంటదాకా తిరిగి రాదో నాకు విడమరిచి చెప్పింది. మొదటి గురువారం నేను మైకు పట్టుకొని నిలబడ్డాను. ఆమె మూడో వరసలో కూర్చుంది. నాకు సంతోషంగా ఉంది, అబద్ధం ఎందుకు?

నాలుగో నెల పళ్ళెం వచ్చినప్పుడు అక్క చేయి చాచి రొట్టెముక్క తీసుకుంది. నోట్లో వేసుకొని కళ్ళు మూసుకుంది. చర్చిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఇక మాటలు ఆగుతాయనుకుంది పాపం. బయటికి వచ్చేసరికి పిన్నమ్మ, అయితే ఏదో ఒప్పుకున్నట్టే ఉంది, ఒప్పుకుంటేనే కదా తీసుకునేది అంటోంది. అంటే పాపం ఉండిందని ఖాయమైపోయింది.

మంగళవారానికి అక్క మంచం మీద ముడుచుకొని ఉంది. నోరంతా పుండ్లు. బావ కంది చేలో ఉన్నాడు, మా అత్త పొదిలి పోయింది. నేను పలచటి గంజి తీసుకొని పోయాను. రెండు గుక్కలు తాగి పక్కన పెట్టింది. అప్పుడు నాకు ఏమైందో, పిన్నమ్మ నన్ను గేటు దగ్గర అడిగిన సంగతి చెప్పేశాను. నేను చెప్పలేదక్కా అన్నాను.

'తెలుసు' అంది.

'ఎవరికీ చెప్పొద్దంటివి కదా' అన్నాను.

'చెప్పొద్దని నేనెప్పుడన్నా?' అంది. మాట మెల్లగా వచ్చింది, నోటి పుండ్ల వల్ల. 'నా నోటితో అనలేనన్నా. నీకు నోరుంది కదా, చదువుకున్నదానివి, నువ్వయితే చక్కగా చెప్తావని నీకు చెప్పినా. చెప్పమని నేను అడిగితే మళ్ళా నేను చెప్పుకున్నట్టే అయితది. మూడు నెలలు చూసినానమ్మా, ఈ ఆదివారం చెప్తదేమో, ఈ ఆదివారం చెప్తదేమో అని.'

 పరీక్షలో లేదని వచ్చింది కదక్కా, నేనేమని చెప్పేది అన్నాను. అది నేను మూడు నెలలుగా నాకు నేనే చెప్పుకుంటున్న మాట.

'నువ్వు గూడా నమ్మలేదా?'

పదకొండేళ్ళు ఆమె వాంతులు కడిగినదాన్ని. ఆమె వాటా అంతా తిన్నదాన్ని. నేను నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు?

'నమ్మినానక్కా. కుళ్ళుతో చెప్పలేదు' అన్నాను.

 అక్కకు నవ్వొచ్చింది. నవ్వితే పొట్ట నొప్పి పుట్టి చేయి అదిమి పెట్టుకుంది. 'నాకు పడనివన్నీ నువ్వే తింటివి కదమ్మా. ఇంక నా దగ్గర కుళ్ళుకునేదానికి ఏముండాది?' అంది.

తిడుతుందనుకున్నాను. తిడితే సమానమయ్యేవాళ్ళం.

తర్వాతి నెల మొదటి ఆదివారం, సరిచేసుకోవాల్సింది ఎవరికన్నా ఉంటే లేవండి అని అయ్యగారు అన్నప్పుడు నేను లేచాను. ఆయన పళ్ళెం మీద కప్పిన గుడ్డ అప్పటికే పట్టుకున్నారు, ఎవరన్నా లేస్తారని అనుకోలేదు కాబట్టి. మా అక్కకు గోధుమ పడదు, ఒక్క ముక్కకు నాలుగు రోజులు మంచం పడుతుంది, ఆ సంగతి నాకు తెలుసు, అడిగితే దాచిపెట్టాను అన్నాను. ఇన్నాళ్ళు ఎందుకు దాచావమ్మా అని అడిగారు. కుళ్ళు అయ్యగారూ అన్నాను.  పిన్నమ్మ చేతిలో పాటల పుస్తకం తెరిచి అందులోకి చూస్తూ ఉంది. అక్క తల వంచుకొని కొంగు సర్దుకుంటూ ఉంది, ఆమెకు సిగ్గు.

ఇక అక్కను ఎట్లా చూశారో చెప్పనక్కర్లేదు. పాస్టరమ్మగారు ఏడ్చి వాటేసుకుంది. ఒకరిద్దరు పెద్దలు, గోధుమ కాకుండా వేరే పిండితో బల్ల ఎట్లా అవుతుందని అడిగితే, ప్రభువు పిండి చూసి వస్తాడా అని అయ్యగారు వాళ్ళ నోరు మూయించారు. మరుసటి నెల నుంచి పెద్ద పళ్ళెం వెనకే ఒక చిన్న స్టీలు పళ్ళెం రావడం మొదలైంది. అందులో బియ్యప్పిండి రొట్టె ముక్క ఒకటే ఉండేది. పాస్టరమ్మగారు దానికని కొత్త పెనం కొని, దాని మీదే కాల్చేది. స్త్రీల సమాజం తిరిగి అక్క చేతికే పోయింది, అడిగినప్పుడు నేను కూడా చేయెత్తాను, అందరికంటే చివర.

చెప్పాక నా మనసు కడిగినట్టయిందని రాస్తే బాగుంటుంది. కాలేదు. ఆ చిన్న పళ్ళెం అంతమంది చేతులు దాటి, ఆ ఒక్క మనిషి కోసం రావడం చూస్తే ప్రతి నెలా నాకు గుండెల్లో మంటే. దాన్ని తెప్పించింది నేను. నన్ను మెచ్చుకున్నవాళ్ళు ఎవరూ లేరు. కుళ్ళు మనిషి అని మాత్రం పేరొచ్చింది. అక్క గోడ పక్కన కూర్చునేది, నేను ఆమె పక్కన. ఆమెకు అందించాల్సింది నేనే కాబట్టి మూడేళ్ళు నెలనెలా ఆ పళ్ళెం నా చేతుల మీదుగానే పోయింది. నేను అందించేటప్పుడల్లా నా మొహం చూసి నవ్వు ఆపుకునేది. ఆమెకు అన్నీ తెలుసు.

ఆమె పోయాక మొదటి బల్ల మొన్ననే జరిగింది. పెద్ద పళ్ళెం వచ్చింది, నా ముక్క నేను తీసుకున్నాను. దాని వెనకే చిన్న పళ్ళెం కూడా వచ్చింది. పాస్టరమ్మగారు శనివారం అలవాటుగా బియ్యప్పిండి కలిపి కాల్చేసిందట. అదొచ్చాక గాని ఎవరికీ గుర్తు రాలేదు. మధ్యలో ఆపడానికి ఎవరికీ చేతులు రాలేదేమో, ఒకరి నుంచి ఒకరికి అందుకుంటూ నా దగ్గరికి తెచ్చారు. నా తర్వాత ఎవరూ లేరు, గోడ ఉంది.

ఆమె కోసం వేరుగా వచ్చిన ప్రతి దాని మీదా ఇన్నేళ్ళూ కన్ను వేశాను. ఇది అడ్డం లేకుండా నా చేతిలో ఉంది. ఎవరూ ఏమీ అనరు, తీసుకోవచ్చు.

'ఇది నాకొద్దక్కా' అన్నాను. లోపల అనుకున్నాననుకున్నాను గాని, ముందు వరసలో పిన్నమ్మ వెనక్కి తిరిగి చూసింది.